జిరాక్స్ షాపుకు 250 కోట్ల జరిమానా

టెక్నాలజీ చట్టాల్లో సీనియర్ లాయరంటే ఆషామాషీ కొలువు కాదు. నల్లకోటు తొడిగి వాయిదాలకు పరుగెత్తే పని లేదు. 'నేను అంగీకరిస్తున్నాను' అన్న గడి యాప్‌లో ఏ మూలన పెట్టాలో తేల్చడానికి గంటల లెక్కన ఫీజు. ఇంత మేధస్సు ఢిల్లీ, బెంగళూరుల్లో మగ్గిపోవడం జాతికి నష్టం. అలాంటి వారినొకరిని మా నల్లగొండలో కోర్టు పక్క జిరాక్స్ షాపులో వెంటనే నియమించాలని ప్రభుత్వానికి సవినయ మనవి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. జనం వివరాలను భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు. ఇక మా షాపు కంప్యూటర్ చూడండి. తెర నిండా ఆధార్‌లు, పాన్ కార్డులు, పట్టా పాసుబుక్కులు. అన్నీ 'న్యూ ఫోల్డర్'లోనే.

"ఓటీపీ వచ్చిందా పెద్దమ్మా? జర గట్టిగ చెప్పు, మిషన్ సప్పుడుకు ఇనపడ్తలేదు."

పెద్దమ్మ చెప్పింది. సమ్మతి స్వేచ్ఛగా, నిస్సందిగ్ధంగా ఉండాలంటుంది చట్టం. ఇంతకన్నా నిస్సందిగ్ధం ఏముంటుంది, రోడ్డవతలి ఆటోవాళ్లకు కూడా వినపడింది. నోటీసును తెలుగులో అడిగే హక్కు కూడా ఉంది. షాపులో తెలుగు నోటీసు ఎప్పటినుంచో ఉంది: 'అప్పు అడగరాదు'.

చెడిపోయిన కాపీలు బజ్జీల బండికి పోతాయి. ఇక్కడే సీనియర్ బుర్ర కావాలి. ఈ చట్టం డిజిటల్ సమాచారానికే గాని, కాగితంగా తీసుకుని కాగితంగానే ఉంచిన వివరాలకు వర్తించదు. మరి మిరపకాయ బజ్జీ నూనెలో తడిసిన ఆధార్ కాపీ ఏ కోవకొస్తుంది? నలభై పేజీల లీగల్ ఒపీనియన్‌కు సరిపడా సరుకు.

ఇక 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లోకొచ్చింది. వాట్సాప్ చాట్ ప్రింటు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి అక్షరాలు, అంకెల వరుస, రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. ఫోర్జరీ చేసేవాళ్లకు ఇంతకన్నా టెన్షన్ లేదట.

"సార్, గీ హ్యాష్ గడిల ఏం కొట్టాలె?" అడిగాడు టైపిస్టు.

"పోయినసారి కొట్టిందే కొట్టు," అన్నాడు వకీలు.