కోడి వద్దు, పూసలే ముద్దు

మార్డి గ్రా అనే క్రైస్తవుల పండగ పేరుకు ఫ్రెంచిలో అర్థం కొవ్వు మంగళవారం. మర్నాటి నుంచి ఈస్టర్ దాకా ఉపవాసాలు కాబట్టి ఇంట్లో ఉన్న కొవ్వూ, గుడ్లూ, మాంసమూ ఆ రోజుతో ఖాళీ చేసెయ్యాలన్నది పాతకాలం లెక్క. అమెరికాలోని లూసియానా పల్లెల్లో, మమూ, యూనిస్ లాంటి ఊళ్ళలో, పాపం ఇంకా ఆ లెక్కనే పట్టుకు వేలాడుతున్నారు.

పొద్దున్నే ముసుగులు, అతుకుల బట్టలు, కోసు టోపీలు వేసుకుని, కొందరైతే గుర్రాలెక్కి, ఇంటింటికీ వెళ్ళి అడుక్కుంటారు. కపితాన్ అనే నాయకుడు తెల్లజెండా పట్టుకుని ముందుగా ఇంటివాళ్ళ అనుమతి అడుగుతాడు (అడుక్కోవడానికి అంత మర్యాదెందుకో!). వాళ్ళు బియ్యమో, ఉల్లిపాయలో, సాసేజో ఇస్తారు, లేదంటే బతికున్న కోడిని వదులుతారు, ఇక ఎదిగిన మనుషులంతా బురదలో పడుతూ లేస్తూ దాని వెంట పరుగులు. సాయంత్రానికి అన్నీ కలిపి గంబో అనే పులుసు. ఆ చుట్టుపక్కలవన్నీ వరి పొలాలు, కోత అయ్యాక చాలా పొలాల్లో మళ్ళీ నీళ్ళు పెట్టి క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) పెంచుతారు, అదీ తినేస్తారు. పండగ అయ్యాక ఊడ్చి పారెయ్యడానికి ఏమీ మిగలదు. ఇదీ ఒక పండగేనా?

నాగరికత చూడాలంటే అదే రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరం వెళ్ళాలి. అక్కడ ఊరేగింపు బళ్ళ మీంచి చైనా నుంచి ఓడల్లో వచ్చిన ప్లాస్టిక్ పూసల దండలు విసురుతారు. వాటి వెనక పరిగెత్తక్కర్లేదు, వండక్కర్లేదు, కుళ్ళుతాయన్న టెన్షన్ అసలే లేదు. 2017-18లో ఒక్క సెయింట్ చార్లెస్ అవెన్యూలో, అదీ ఐదు బ్లాకుల పొడవులోనే, వాననీటి కాలువల్లోంచి 93,000 పౌండ్లు, అంటే దాదాపు 42 టన్నుల పూసలు తోడారు. ఊళ్ళో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉంది, వాన పడితే నీటిని పంపులతో తోడాల్సిందే. అయితేనేం, కాలువలకు మాత్రం నగలుండొద్దా? గిట్టనివాళ్ళు ఊరేగింపుల రోజుల్లో కాలువ నోళ్ళకు జల్లెడలు బిగిస్తున్నారు. లూసియానా స్టేట్ యూనివర్సిటీలోనైతే నాచుతో, మట్టిలో కలిసిపోయే పూసలు చేశారట, కలిసిపోయేదాన్ని ఎవరైనా నగ అంటారా అండీ?

అక్కడ తిండి కూడా ఎదిగింది. కింగ్ కేక్ కొంటే ప్లాస్టిక్ పాపాయి బొమ్మ వస్తుంది, ఎవరి ముక్కలో దొరికితే వాళ్ళు తర్వాతి కేక్ కొనాలి. మింగకుండా చూసుకోవాల్సిన ప్రసాదం ఇంకెక్కడైనా ఉందా?

అందుకే మమూ వాళ్ళకు నా సలహా: వచ్చే ఏడాది ప్లాస్టిక్ కోడిని వదలండి. పారిపోదు, కడిగి మళ్ళీ అటక మీద పెట్టుకోవచ్చు. మరి గంబోలోకి ఏంటంటారా? ఓడ వస్తుందిగా.