కార్లకు రైలుంది, చీనీకాయలకు ఎందుకు లేదు?

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. ఏడెకరాల చీనీ తోట, నాయన పెట్టిన చెట్లు. హైదరాబాద్‌లో బత్తాయి అంటారు చూడండి, అదే. 44వ నంబర్ హైవే మాకు కూతవేటు దూరం. రైలు పట్టాలూ దగ్గరే. మొన్న ఒక పెళ్లిలో మా బావ అడిగాడు: "అంత పెద్ద రోడ్డు పక్కన పెట్టుకుని ఇంకా ఏం కావాలి బామ్మర్దీ మీ జిల్లాకు?" అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

2019 మే నెలలో ఢిల్లీకి లారీ లోడు పంపాం. తొడిమ దగ్గర తోలు లేస్తే కాయ అక్కడే కుళ్లడం మొదలుపెడుతుంది. అందుకే నాయన కోత రోజంతా కూలీల వెంట చెట్టు చెట్టుకూ తిరిగాడు. లారీలో వరిగడ్డి పరిచి, కాయ పోసి, పైన పట్ట కట్టి సాయంత్రం పంపించాం. ఆదిలాబాద్ దాటాక బండి ఆగిపోయింది. ఆ ఎండలో ఒకటిన్నర రోజు రోడ్డు పక్కనే ఉంది. ఐదో రోజు ఢిల్లీ మండీ నుంచి ఫోన్లో వీడియో వచ్చింది. మధ్యలో కాయంతా మెత్తబడి, గడ్డి తడిసి నీళ్లు కారుతున్నాయి. నాయన ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాడు. లారీ బాడుగ, కమీషన్, హమాలీ పోగా మిగిలింది కోత కూలీలకు సరిపోయింది. డ్రైవర్‌ను నేను తప్పుపట్టను. రెండు వేల కిలోమీటర్లు ఆ ఎండలో పచ్చి సరుకు మోయడానికి అతని దగ్గర ఉన్నది ఒక పట్ట, కొంచెం గడ్డి.

ఆ భయంతోనే మా దగ్గర చాలామంది తోట మీదే అమ్మేస్తారు. వ్యాపారి చెప్పిందే రేటు. దాని మీద సూట్ ఒకటి. మా తోటలో టన్నుకు వంద కిలోలు అదనంగా, డబ్బులేమీ లేకుండా తీసుకుపోయేవాళ్లు. ఎందుకిస్తారు అంటే, ఇవ్వకపోతే కాయ చెట్టు మీదే ఉంటుంది కాబట్టి!

2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు, పండ్లూ కూరగాయలూ మోసే కిసాన్ రైలు కదిలింది. దక్షిణాదిలో అదే మొదటిది. ఆదర్శ్ నగర్ స్టేషన్ ఢిల్లీ పెద్ద పండ్ల మార్కెట్ ఆజాద్‌పూర్ మండీకి పక్కనే. ఆ అక్టోబర్ నుంచి కేంద్రం పండ్లు, కూరగాయల బాడుగలో సగం తనే భరించింది. కొద్ది సరుకైనా ఎక్కించుకునేవాళ్లు. మా ఊళ్లో నలుగురం కలిసి వేశాం, మూడో రోజు కాయ మండీలో ఉంది, గట్టిగా. కానీ నేను మర్చిపోలేనిది అది కాదు. రైలులో ఒక్క కాయ కూడా వేయని మా పక్క తోటాయన దగ్గరికి అదే వారం వ్యాపారి వచ్చాడు. సూట్ మాటే ఎత్తలేదు. "ఏం పెద్దాయనా, మీరూ రైలుకు వేస్తారా?" అని ముందే అడిగి, రేటు తనే పెంచి చెప్పాడట. రైతుకు ఇంకో దారి ఉందని తెలిస్తే చాలు, తోట గట్టు మీద బేరం మారిపోతుంది.

ఆ సగం బాడుగ సబ్సిడీ రెండేళ్లు కూడా నిలవలేదు. మా రైలూ ఆగిపోయింది. చీనీ మొక్క కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. రైతు అన్నేళ్లు ఓపిక పట్టాలి, సర్కారు పథకానికి మాత్రం రెండేళ్ల ఓపిక లేదా?

పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. అప్పట్లో అది మా జిల్లానే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికొచ్చాయి. ఆ కార్లు రైలెక్కి ఉత్తరాదికి పోతున్నాయి. సంతోషం, మా పిల్లలకు అక్కడ ఉద్యోగాలున్నాయి. కంపెనీకి కావాలంటే రైలు కుదురుతుంది, లోడింగ్ కుదురుతుంది. ఆ పక్కనే పండు పండించేవాడికి ఎందుకు కుదరదు? 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు చల్లటి కంటైనర్లలో అరటి రైలే పోయింది కదా. చేతకాదని ఎవరూ అనలేరు.

కొత్త లైన్ల సంగతి సరేసరి. నంద్యాల–ఎర్రగుంట్ల 123 కిలోమీటర్లు. 1996–97లో మంజూరు, 2016లో రైలు. ఒక చీనీ తోట పెట్టి, కాపు తిని, ముసలిదై నరికేసేంత కాలం! కడప–బెంగళూరు లైను 2008–09లో మంజూరైతే పెండ్లిమర్రి దాకా ఇరవై చిల్లర కిలోమీటర్లతో ఆగింది.

మేమడిగేది కొత్త లైను కూడా కాదు. ఉన్న పట్టాల మీద, కోత సీజన్లో వారానికి రెండుసార్లు, టైమ్ ముందే చెప్పిన రైలు. అనంతపురం స్టేషన్ దగ్గర కాయ ఏరి, చల్లబరిచి పెట్టుకునే ఒక షెడ్డు. నలుగురు రైతులు కలిసి బుక్ చేసుకునే వీలు. సబ్సిడీ ఇస్తే కనీసం ఐదేళ్లని రాసి ఇవ్వాలి. ఎంపీలూ, ఎమ్మెల్యేలూ గుంతకల్లు రైల్వే డివిజన్ అధికారులతో కూర్చుంటే మాట్లాడాల్సినవి ఇవి.

ఈ శనివారం మా కోత. లారీ మాట్లాడాం. గడ్డి కట్టలు నిన్ననే దింపుకున్నాం. పట్టకు ఎక్కడైనా చిరుగుందేమో అని నాయన పొద్దున్నుంచి వాకిట్లో పరిచి చూస్తున్నాడు.