ముప్పై గిగాబైట్ల ముంపు

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండవది, 17.75కి మూడవది. మొదటిదానికి లంక గ్రామాల వాళ్లు పశువులను గట్టు మీదికి తోలుకొస్తారు. రెండవదానికి సామాను అటక ఎక్కిస్తారు. మూడవదానికి పడవ కోసం చూస్తారు. ఇంత పకడ్బందీ ఏర్పాటున్న డెల్టాలో, అమలాపురానికి కాస్త దూరంలో, మా ఇంటి ధాన్యం కొట్టులో కూర్చున్న సర్వరు ఒక్క హెచ్చరికైనా లేకుండా నిండా మునిగింది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కినప్పుడు కూడా ఆ కొట్టులోకి చుక్క నీరు రాలేదు. అటువంటి కొట్టులో ఈ ముంపు ఎలా సంభవించిందో ప్రజలకు తెలియజేయకుండా ఉండటం, పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారుగా నా వల్ల కాదు.

ముందు ముంపు ప్రాంతం భౌగోళిక స్వరూపం. ఆ కొట్టులో ఒకప్పుడు గాదె ఉండేది. ధాన్యం కళ్లంలోంచే లారీ ఎక్కడం మొదలయ్యాక గాదెకు పని పోయింది. ఆ ఖాళీలో మా మేనల్లుడు ఒక పాత కంప్యూటర్ పెట్టి, దానిలో యంత్రాన్ని నడిపించే డెబియన్ లైనక్స్ వేసి, సర్వరని పేరు పెట్టి, "మావయ్యా, ఇక మీ ఫోటోలూ వీడియోలూ అన్నీ ఇందులోనే" అని చెప్పి బెంగళూరు బస్సెక్కాడు. (డెబియన్ పుట్టింది 1993లో. వయసులో మా వాడికంటే పెద్దది. వాడు దానికి ఇవ్వని గౌరవం నేను ఇస్తూ వచ్చాను.) లోపల ఎనిమిది టెరాబైట్ల డిస్కులు రెండు, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా. ఒకటి పోయినా రెండవది కాపాడుతుంది. బయట వైరు చివర అంతే పెద్ద డిస్కు మరొకటి. ప్రతి రాత్రి రెండు గంటలకు లోపలి సరుకంతా దాని మీదికి నకలవుతుంది. ఈ మహాసౌధాన్ని నడిపే లైనక్స్ మాత్రం 32 గిగాబైట్ల బుల్లి డిస్కులో కాపురం ఉంటుంది. అది కూడా కంపెనీ లెక్క. యంత్రం తన లెక్కలో కొలుచుకుంటే 29 తేలింది. మిల్లు వాళ్ల తరుగు చూసిన రైతుబిడ్డను గనుక నేను తగాదా పెట్టుకోలేదు.

"ఇంత ఇంటికి ఇంత చిన్న వంటగది ఏమిటి?" అని ఆనాడే అడిగాను.

"వంటగదిలో ఎవరూ పడుకోరు కదా మావయ్యా" అన్నాడు.

శ్రావణమాసంలో ఒక ఉదయం సర్వరు పేజీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను. తప్పని చెప్పలేదు, ఒప్పని లోపలికి రానివ్వలేదు. మళ్లీ అదే పేజీ చూపించింది. పదకొండుసార్లు కొట్టాను. మా ఆవిడ వచ్చి, "ఏమండీ, పుట్టినరోజు తారీఖు కదా అది, ఎవరిది పెట్టారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం పరిధిలోకి రాదు. స్విచ్చు ఆపి మళ్లీ వేశాను. మార్పు లేదు. పాత మానిటర్ ఒకటి తగిలిస్తే నల్లని తెర మీద ఒకే మాట వరుసగా పడుతోంది: డిస్కులో చోటు లేదు.

చోటు లేకపోతే ఏం చేయాలో అటకలున్న ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే పెద్దదేదో చూసి తీసేయాలి. నెట్‌వర్కులో ఫోటోల ఫోల్డరు తెరుచుకుంటూనే ఉంది. పెద్దవాటిలో నాకు అవసరం లేనిది వెతికాను. మా మామగారి షష్టిపూర్తి వీడియో, ఆరు గిగాబైట్లు. నాలుగు గంటల ఆ కళాఖండంలో నేను కనిపించేది రెండే నిమిషాలు, అదీ విస్తరి ముందు. తీసేశాను. నెట్‌వర్కు ద్వారా తీసేసినదానికి చెత్తబుట్ట ఉండదని, నేరుగా వైకుంఠమేనని తరువాత తెలిసింది. ఇంత త్యాగం చేసినా తెర మీద మాట మారలేదు. చేలో నీరు నిలిచిందని ఊరి చెరువు తోడితే ఏమవుతుంది? నిండింది ఒక డిస్కు, నేను ఖాళీ చేసింది మరొకటి.

మర్నాడు మేనల్లుడికి ఫోను చేశాను. పేజీ వదిలేసి, నల్లని తెరలోంచే లోపలికి వెళ్లమన్నాడు. వెళ్లగలిగాను. డీఎఫ్ అనే ఆజ్ఞ ఇస్తే ప్రతి డిస్కు ఎంత నిండిందో పట్టిక వచ్చింది. ఫోటోల డిస్కు 41 శాతం. బయటి డిస్కు 41 శాతం. వంటగది 100 శాతం. పక్కన నాలుగు టెరాబైట్లకు పైగా ఖాళీ పడి ఉంటే, ఇరవై తొమ్మిది గిగాబైట్లలో లైనక్స్ ఊపిరాడక కొట్టుకుంటోంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉండి కూడా నీరు దిగక మునిగిపోయే చేలను చూసిన డెల్టా రైతుకు ఇందులో వింతేమీ కనబడదు.

ఇక్కడ డెల్టా నీటి పారుదల గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. నీరు లోపలికి రావడంలో మనకున్న శ్రద్ధ అంతా ఇంతా కాదు. కాలువకు నీరు వదిలే రోజున కొబ్బరికాయ కొడతాం, పసుపు కుంకుమ చల్లుతాం, పూలు వేస్తాం, ఫోటో దిగుతాం. ఆ నీరే పని ముగించుకుని బయటికి పోవలసిన మురుగు కాలువకు ఎవరైనా హారతి ఇచ్చారా? దానికి దక్కేది గుర్రపుడెక్క. లైనక్స్ మీద కూడా ఇదే పాలన. లోపలికి వచ్చేవాటికి ఎన్ని దారులో. జరిగిన ప్రతి చిన్న విషయాన్నీ చిట్టాలో రాసుకునే గుమస్తా ఒకడు, దించుకున్న ప్రతి ప్రోగ్రాం మూట, అదే ప్యాకేజీ, నకలునూ దాచుకునే భాండాగారి ఒకడు, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ కొత్తది వచ్చినా పాతదాన్ని వదలని వృద్ధాభిమాని ఒకడు. బయటికి పంపించే శాఖ మాత్రం ఖాళీగానే ఉంది. న్యాయంగా చెప్పాలంటే గుమస్తాకు హద్దు ఉంది: చిట్టా డిస్కులో పదో వంతు దాటకూడదు, పదో వంతు ఎంత పెద్దదైనా నాలుగు గిగాబైట్లు మించకూడదు. మిగతావాళ్లకు ఆ నియమం కూడా లేదు.

సరే, పూడిక తీశాం. చిట్టా కుదిస్తే ఒక గిగాబైటు, ప్యాకేజీల నకళ్లు ఊడిస్తే మరో అర. పాస్‌వర్డ్ పేజీ తలుపు తీసింది. చోటు లేనప్పుడు ఆ పేజీ నేను వచ్చానన్న సంగతి రాసుకోవడానికి కూడా కాగితం ముక్క దొరక్క, నన్ను ఎవరో తెలియనట్టు గుమ్మంలోనే నిలబెట్టిందట. "అయిపోయింది మావయ్యా" అన్నాడు వాడు. పూడికతీత పనుల్లో బిల్లు పెట్టే వేళ ఇదేనని నాకు తెలుసు. కాలువ అడుగు చూడకుండా సంతకం చేసే అలవాటు మాత్రం నాకు లేదు.

ఎందుకంటే లెక్క కుదరలేదు. డీయూ అనే ఇంకో ఆజ్ఞ ఉంది. డీఎఫ్ మొత్తం ఎంత వాడకమైందో చెబితే, డీయూ ఒక్కో డైరెక్టరీ (ఫోల్డరుకే లైనక్స్‌లో పేరు) తట్టి చూసి కూడుతుంది. పూడిక తీశాక కూడా డీఎఫ్ చెప్పేది ఇరవై ఏడున్నర. డీయూ కూడి తెచ్చింది ఎనిమిదిన్నర. పంతొమ్మిది గిగాబైట్లు ఏమయ్యాయి? నా సర్వీసులో ఇలాంటి లెక్క చేసిన పిల్లవాడిని బెంచీ ఎక్కించేవాడిని.

మొదట అనుమానించింది చచ్చిన ఫైళ్లను. లైనక్స్‌లో ఒక ఫైలును ఏదైనా ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉండగా మనం తీసేస్తే, పేరు పోతుంది గాని చోటు తిరిగి రాదు. డీయూకి కనబడదు, డీఎఫ్ లెక్కలో ఉంటుంది. మనిషి పోయినా రేషన్ కార్డులో పేరు మీద బియ్యం నడుస్తున్నట్టు. కానీ నేను యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను. ఆపి వేస్తే పట్టుకున్న చేతులన్నీ విడిపోతాయి, ఈ బాపతు బియ్యం ఆగిపోతుంది. కాబట్టి వాళ్లు నిర్దోషులు.

తరువాత అనుమానం రిజర్వు చోటు మీద. ఇలాంటి డిస్కుల్లో ఐదు శాతం రూట్ అనే ఏలిక కోసం ముందే అట్టిపెడతారు. ప్రజలు ఎంత నింపినా, ఏలిక లోపలికి వచ్చి చక్కదిద్దుకోవడానికి కాస్త జాగా ఉండాలని. మంచి ఏర్పాటే. మా ఇంట్లో ఆ ఐదు శాతం కూడా నిండిపోయింది. అంటే తిన్నది ఎవరో దారినపోయేవాడు కాదు, రూట్ హోదాతో తిరిగేవాడే. ఆ సంగతి విన్నాక మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

"మావయ్యా, బయటి డిస్కు ఒకసారి దించి చూడండి. వైరు పీకకండి. అన్‌మౌంట్ చేయండి."

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా ఊరి రేవు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం నిండుగా, గంభీరంగా పారే కాలువ ఉన్నట్టుండి సిగ్గువిడిచి అడుగు చూపిస్తుంది. ఎవరిదో సైకిలు, మూడేళ్ల క్రితం జారిపోయిన బిందె, వినాయకుడి చట్రం, ఒక చెప్పు. అవన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. పైన నీరుంది గనుక లేవనుకున్నాం. లైనక్స్‌లో డిస్కును ఒక డైరెక్టరీ మీద మౌంట్ చేయడమంటే ఆ కాలువకు నీరు వదలడమే. ఆ డైరెక్టరీలో అంతకుముందు ఏమున్నా పోదు, కనబడదంతే. డీయూ ఈదుకుంటూ పోయేది నీటి మీద. డీఎఫ్‌కు అడుగు కూడా తెలుసు.

డిస్కు దించాను. ఖాళీగా ఉండవలసిన డైరెక్టరీలో పంతొమ్మిది గిగాబైట్లు బురదలో సైకిళ్లలా పడి ఉన్నాయి.

జరిగింది ఇది. పేజీ మొరాయించిన ముందు రాత్రి ఈదురుగాలికి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. బయటి డిస్కు అడాప్టరు ఉన్న బోర్డు స్విచ్చును, పిడుగు భయంతో, ఒకరు ఆపారు. ఎవరన్నది గృహశాంతి దృష్ట్యా వెల్లడించడం లేదు. తెల్లారి వారే వేశారు. మధ్యలో కరెంటు వచ్చి సర్వరు లేచి, హాజరు పట్టీ తీసింది. అందులో బయటి డిస్కు పేరు పక్కన మా వాడు నోఫెయిల్ అని రాసి ఉంచాడు. డిస్కు రాకపోయినా ఫర్వాలేదు, మిగతా క్లాసు నడిపించమని. బడికి రాకపోయినా ఎనిమిదో తరగతి దాకా పై తరగతికి పంపమన్న విధానంలో కొన్నేళ్లు పని చేసినవాడిని నేను. ఆ విధానం ఫలితాలు నాకు కొత్త కాదు. రెండు గంటలకు ఆర్‌సింక్ అనే నకలు రాసేవాడు రూట్ హోదాతో వచ్చాడు. ఎదుట డైరెక్టరీ ఉంది, డిస్కు లేదు. అడిగే అలవాటు లేదు. అక్షరక్రమంలో మొదటి ఫోల్డరు నుంచి మొదలుపెట్టి, వంటగది నిండేవరకు మహా నిజాయతీగా రాసి, చోటు లేదని రిపోర్టు పంపబోయాడు. రిపోర్టు రాసుకోవడానికి కూడా చోటు లేదు. ఉదయం నేను స్విచ్చు ఆపి మళ్లీ వేసినప్పుడు డిస్కు బుద్ధిగా వచ్చి అదే డైరెక్టరీ మీద కూర్చుంది. సాక్ష్యం దాని కింద.

"అదంతా చెత్తే మావయ్యా, తీసేయండి" అన్నాడు.

చేయి మీట మీదికి పోయింది. లెక్కల మాస్టారికి ఉండే ఒక రోగం కొద్దీ, ఏవేం పడ్డాయో ముందు చూశాను. అక్షరక్రమంలో మొదటి ఫోల్డరు పేరు అత్తవారిల్లు. లోపల, చెక్కుచెదరకుండా, మామగారి షష్టిపూర్తి.

వెంటనే పైనున్న నకలు సంగతి గుర్తొచ్చింది. డిస్కు మళ్లీ మౌంట్ చేసి వెతికాను. అక్కడ లేదు. లోపలి డిస్కులో ఏది తీసేస్తే నకలులోనూ అది తీసేయాలని ఆర్‌సింక్‌కు ముందే ఆజ్ఞ ఉంది. నేను వీడియో తీసేసిన రాత్రే వాడు ఆ పని కూడా తూచా తప్పకుండా చేశాడు. అద్దంలో బొమ్మ ముందే పోయింది. మూడు పెద్ద డిస్కులు కలిసి కాపాడలేనిదాన్ని, ఒక పొరపాటు బురదలో పూడ్చి కాపాడింది. ఈ విషయం మేనల్లుడికి చెప్పలేదు. మా ఆవిడకు అసలే చెప్పలేదు.

మళ్లీ డిస్కు దించి, వీడియో తీసి లోపలి డిస్కులో ఎక్కించాను. మిగతా చెత్త ఊడ్చేశాను. నకలు మొదలయ్యే ముందు డిస్కు నిజంగా మౌంట్ అయిందో లేదో చూసుకుని, లేకపోతే కలం ముట్టుకోకుండా వెళ్లిపొమ్మని ఆర్‌సింక్‌కు ఒక షరతు పెట్టాం. ఖాళీ డైరెక్టరీకి, చాటర్ ప్లస్ ఐ అనే ఆజ్ఞతో, రూట్‌తో సహా ఎవరూ ఏమీ పెట్టరాదన్న ముద్ర వేశాం. దాని మీద డిస్కు మౌంట్ కావడానికి ఆ ముద్ర అడ్డురాదు. డిస్కు రాని రోజున మాత్రం తలుపు మూసే ఉంటుంది. వంటగదికి ధవళేశ్వరం పద్ధతిలో మూడు హెచ్చరికలు: 70 శాతానికి ఒకటి, 80కి ఒకటి, 90కి ఒకటి, మూడూ నా ఫోనుకే.

"ఇప్పుడు ఎంత వాడకంలో ఉంది?" అని రాత్రి మేనల్లుడు ఫోనులో అడిగాడు.

"యాభై."

"ముప్పై ఉండాలి కదా మావయ్యా. ఇంకా ఏదో ఉండిపోయినట్టుంది. చూడమంటారా?"

వద్దన్నాను. షష్టిపూర్తి వీడియో రెండవ ప్రతి ఒకటి ఆ వంటగదిలోనే, రూట్ సొంత గదిలో ఉంచాను. మూడవ ప్రమాద హెచ్చరిక వచ్చేవరకు మామగారు అక్కడే పడుకుంటారు.