మొదటి మూడు ఓటములూ పాత కోచ్ ఖాతాలోనే రాయాలి

సెప్టెంబరు రెండో శుక్రవారం, రాత్రి పదిన్నర. మా బ్యాండ్ పేరెంట్స్ తెలుగు గ్రూపులో స్కూల్ ఫుట్‌బాల్ కోచ్ గురించి ఒక మెసేజ్ పడింది. "ఈయన వల్ల కాదు. స్కూల్ బోర్డుకి అందరం మెయిల్ పెడదాం." ఐదు నిమిషాల్లో పదకొండు బొటనవేళ్లు లేచాయి.

పెట్టినాయనది నరసరావుపేట. వాళ్లబ్బాయి ట్రంపెట్ వాయిస్తాడు, మా అమ్మాయి డ్రమ్‌లైన్‌లో ఉంది. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లలో మన పిల్లలు ఎక్కువమంది శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికి హెల్మెట్ పెట్టుకుని గడ్డి మీదకు దిగరు. బ్యాండు వాయించడానికి ఈకల టోపీ పెట్టుకుని హాఫ్‌టైమ్‌లో దిగుతారు. నాలుగేళ్ల కిందట ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో పక్కవాళ్లని అడిగి తెలుసుకున్న మేం, ఇవాళ కోచ్‌ని మార్చే స్థాయికి ఎదిగాం. ఎదగడం మంచిదే. తొందరే బాలేదు.

మా స్కూలుకి ఈ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు. మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ పోయాయి. ఆ మూడు ఓటముల్లో కొత్త కోచ్ గురించి చదువుకోవడానికి దాదాపు ఏమీ లేదని నా వాదన. వాటిని పాత కోచ్ ఖాతాలో రాయాలి. మూడూ గెలిచి ఉన్నా అదే ఖాతాలో రాయమనేవాణ్ని.

అసలు ఈ మ్యాచ్‌లు ఎవరు కుదిర్చారో చూడండి. టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపే యూఐఎల్ 1910 నుంచీ ఉన్న సంస్థ. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో అది స్కూళ్లను విద్యార్థుల సంఖ్యను బట్టి మళ్లీ డిస్ట్రిక్టులుగా, అంటే తమలో తాము తలపడే గుంపులుగా, విడగొడుతుంది. జాబితా బయటికొచ్చిన రోజు కోచ్‌లంతా ఫోన్లు పట్టుకుని, డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లు లేక ఖాళీగా మిగిలిన వారాలకు బయటి ప్రత్యర్థులను వెతుక్కుంటారు. సాధారణంగా ఆ మాట రెండేళ్లకు ఉంటుంది, ఇక్కడోసారి, అక్కడోసారి. ఆ రెండేళ్ల మధ్యలో ఉద్యోగంలో చేరినవాడికి ఆగస్టు చివర్లో ఎవరితో తలపడాలో చెప్పే అవకాశమే ఉండదు. పాత కోచ్ తన బలమైన జట్టును చూసుకుని కొండల్లాంటి స్కూళ్లను పిలిచి పెట్టుకుంటే, ఆ కొండలు ఈయన నెత్తిన పడతాయి.

ఇంకో సంగతి. ఈ మ్యాచ్‌లు ప్లేఆఫ్స్ లెక్కలోకే రావు. పెద్ద స్కూళ్లుండే 5-ఏ, 6-ఏ తరగతుల్లో డిస్ట్రిక్ట్ మ్యాచ్‌ల ఫలితాలే చూస్తారు, ప్రతి డిస్ట్రిక్ట్ నుంచి నాలుగు జట్లు నవంబరులో ముందుకు వెళ్తాయి. మూడుకు మూడూ ఓడిన జట్టు అక్టోబరంతా గెలిచి డిస్ట్రిక్ట్ టాప్‌గా నిలవొచ్చు. అంటే నియమాలు రాసినవాళ్లే వీటిని ప్రాక్టీసు కింద కట్టారు. కాబట్టి తెలివైన కోచ్ ఈ మూడు వారాల్లో గెలుపు కోసం కన్నా, ఎవడు ఎక్కడ పనికొస్తాడో తేల్చుకోవడం కోసం ఎక్కువ ఆడతాడు. మా కోచ్ రెండో మ్యాచ్‌లో మూడో క్వార్టర్ కల్లా, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ను మార్చి పదో తరగతి పిల్లాణ్ని దింపాడు. గ్రూపులో దానికి వచ్చిన పేరు "ప్రయోగాలు". అవును, ప్రయోగాలే. ఎప్పుడు చేయమంటారు మరి, నవంబరులోనా?

చేతిలో ఉన్న టైమెంత? స్కూలు నడిచే వారంలో, బడి వేళలు కాక, ప్రాక్టీసు 8 గంటలు దాటకూడదని నిబంధన. మన ఇంటర్ పిల్లాడు అంతసేపు ఒక్క రోజులో స్టడీ అవర్స్‌లో కూర్చుంటాడు. ఆ 8 గంటల్లో కొత్త ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుగడలన్నీ, నేర్పాలి, పాత అలవాట్లు మాన్పించాలి. ముందు వరుసలో నిలబడి గుద్దుకునే లైన్‌మన్ సంగతి మరీ ఆలస్యం. ఈ ఏడాది పన్నెండో తరగతిలో ఉన్నవాడు తొమ్మిదిలో ఉండగా వెయిట్ రూమ్‌లోకి అడుగుపెట్టాడు. వాడి భుజాలు పాత కోచ్ కట్టినవి. కొత్తాయన కట్టే భుజాలు ఇంకా తొమ్మిదో తరగతి జట్టులో, గురువారం సాయంత్రాలు, ఖాళీ బెంచీల ముందు ఆడుతున్నాయి.

కోచ్‌ల చరిత్ర చూస్తే ఈ విషయం మరీ తమాషాగా ఉంటుంది. టాడ్ డాడ్జ్ పేరు ఇక్కడ తెలియనివాళ్లు లేరు. సౌత్‌లేక్ క్యారల్ స్కూల్లో 2002 నుంచి 2006 వరకు ఐదు సీజన్లలో 79 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. ఆ ఒక్కటీ 2003 స్టేట్ ఫైనల్లో, కేటీ జట్టు చేతిలో 16-15తో. ఆ ఊపు చూసి నార్త్ టెక్సస్ యూనివర్సిటీ పిలిచి పెద్ద పీట వేసింది. అక్కడ 6 గెలుపులు, 37 ఓటములు, 2010లో సీజన్ మధ్యలోనే ఇంటికి పంపించారు. మనిషి అదే, బుర్ర అదే, ఆటా అదే. తర్వాత ఆస్టిన్‌లోని వెస్ట్‌లేక్‌కి వచ్చి 2019, 2020, 2021 సీజన్లలో వరుసగా మూడు స్టేట్ టైటిళ్లు కొట్టాడు. మధ్యలో దాని ఫైనల్ ఎవరి మీదనుకున్నారు? తన పాత స్కూలు సౌత్‌లేక్ మీద, దాని కోచ్‌గా ఉన్న సొంత కొడుకు రైలీ మీద. 52-34. తండ్రే గెలిచాడు. 79-1 కోచ్ గొప్పతనమైతే 6-37 ఎవరిదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

మా గ్రూపుకి నేను ఎక్కువగా చెప్పేది మాత్రం కెవిన్ కెల్లీ కథ. ఆర్కన్సాలో పులాస్కీ అకాడమీ స్కూలు కోచ్. పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిదైన నాలుగో డౌన్‌లో అందరూ బంతిని దూరంగా తన్ని (పంట్ చేసి) ఎదుటి జట్టుకి వదిలేసి చేతులు దులుపుకుంటే, ఈయన దాదాపు ఎప్పుడూ పంట్ చేయనివ్వడు. ఆ మొండితనంతోనే తొమ్మిది స్టేట్ టైటిళ్లు. 2021లో సౌత్ కరొలైనాలోని ప్రెస్బిటేరియన్ కాలేజీకి కొత్త కోచ్‌గా వెళ్లాడు. మొదటి మ్యాచ్ 84-43తో గెలుపు, ఆయన క్వార్టర్‌బ్యాక్ ఏకంగా 10 టచ్‌డౌన్ పాసులు వేశాడు. రెండోది 68-3. ఆ రెండు వారాలూ దేశమంతా ఆయన గురించే మాట్లాడింది, ఫుట్‌బాల్ మారిపోయిందని రాసినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత తొమ్మిది మ్యాచ్‌లు ఆడారు. తొమ్మిదీ ఓడారు. సీజన్ అవగానే ఆయన తప్పుకున్నాడు. మొదటి రెండు ప్రత్యర్థులూ ఉత్త బలహీన జట్లన్న సంగతి స్కోరుబోర్డు చెప్పలేదు. ఇటు పులాస్కీలో ఆయన కుర్చీలో కూర్చున్న అసిస్టెంటు ఆ ఏడాదే స్టేట్ టైటిల్ గెలిచాడు. ఆ గెలుపులో సగమైనా వెళ్లిపోయినాయన ఖాతాలో వేయాలా వద్దా?

పశ్చిమ టెక్సస్‌లో ఒడెస్సా అనే చమురు ఊరుంది. అక్కడి పెర్మియన్ స్కూల్ జట్టు 1988లో పొరుగు ఊరి మిడ్లాండ్ లీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడితే, కోచ్ గ్యారీ గెయిన్స్ ఇంటి ముందు పచ్చికలో ఎవరో "ఇల్లు అమ్మబడును" బోర్డులు పాతిపోయారు. ఆయన అమ్మలేదు. 1989లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా స్టేట్ టైటిల్ తెచ్చాడు. ఆ బోర్డులు పాతినవాళ్లు ఊరేగింపులో ముందు వరుసలో ఉండి ఉంటారని నా గట్టి అనుమానం.

ఎదుటి పక్షానికీ ఒక మాట ఉంది, దాన్ని తీసిపారేయను. పన్నెండో తరగతి పిల్లాడి తండ్రి ఒకాయన పార్కింగ్ లాట్‌లో నన్ను పట్టుకుని, "మూడేళ్లు ఓపిక పట్టమంటారు సరే, మావాడికి మిగిలింది ఏడు మ్యాచ్‌లే కదండీ" అన్నాడు. నిజమే. కోచ్‌కి కాలం ఉంటుంది, సీనియర్‌కి ఉండదు. పైగా ఇది పన్ను కట్టేవాళ్ల డబ్బు. పక్కనున్న ఆలెన్ ఊరివాళ్లు 18,000 మంది కూర్చునే హైస్కూల్ స్టేడియాన్ని 6 కోట్ల డాలర్లతో కట్టి, 2012లో తెరిచి, కాంక్రీటు బీటలిచ్చిందని 2014లో మూసి, మళ్లీ బాగు చేసుకున్నారు. అంత పోసినవాళ్లు లెక్క అడగడంలో తప్పేముంది? అడగండి. పిల్లలు ప్రాక్టీసుకి వస్తున్నారా, దెబ్బ తగిలినవాణ్ని ఆడిస్తున్నాడా, నోరు పారేసుకుంటున్నాడా అని అడగండి. అవి మూడో వారంలోనే తెలుస్తాయి. స్కోరు మాత్రం ఇవేవీ చెప్పదు.

ఇక్కడ కోచ్ ముందు ఉపాధ్యాయుడు. స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఇది పోటీల డిస్ట్రిక్ట్ కాదు, ఊరి బళ్లను నడిపే సంస్థ) పూర్తికాలపు ఉద్యోగి అయితేనే హెడ్ కోచ్ కాగలడు. అసిస్టెంట్లలో చాలామంది పొద్దున జాగ్రఫీ చెప్పి, మధ్యాహ్నం విజిల్ మెడలో వేసుకుంటారు. 1984లో వచ్చిన "పాసైతేనే ఆట" చట్టం మనవాళ్లకు భలే నచ్చుతుంది. ఏదైనా సబ్జెక్టులో 70 కన్నా తక్కువ వస్తే పిల్లాడు ఆటకు దూరం. కానీ ఆ చట్టం కూడా ఏడాది మొదట్లో మార్కులు చూడ్డానికి ఆరు వారాలు ఆగుతుంది. ఫెయిలయ్యే అవకాశమున్న పదిహేనేళ్ల పిల్లాడికి చట్టం ఆరు వారాలిస్తే, మేం కోచ్‌కి నాలుగు కూడా ఇవ్వం అంటున్నాం.

ఈ తొందర మాకు టెక్సస్ నేర్పలేదు. మూటకట్టుకుని వచ్చాం. నేను విజయవాడలో ఇంటర్ చదివాను. హాస్టల్లో ఆదివారం వీకెండ్ టెస్టు, మంగళవారం ర్యాంకుల షీటు గోడ మీద, బుధవారం సెక్షన్లు తారుమారు. కొత్తగా చేరిన ఫిజిక్స్ సారుకి మా సెక్షన్ యావరేజ్ రెండు వారాలు వరుసగా పడిపోయింది. మూడో వారం బోర్డు దగ్గర ఇంకో సారు నిలబడి ఉన్నాడు, పాత సారు ఏమయ్యాడని మేం అడగను కూడా లేదు. ఆయన మొదలుపెట్టిన రొటేషనల్ మోషన్ పాఠం నాకు ఇప్పటికీ అర్ధంతరంగానే గుర్తుంది. కొత్త సారు మళ్లీ మొదటి నుంచి, ఇంకో పద్ధతిలో మొదలుపెట్టాడు, మార్కులు ఇంకా పడ్డాయి. ఆ గోడ మీది షీటే ఇప్పుడు వాట్సాప్ గ్రూపైంది.

అక్కడ మాకు గ్రౌండు ఉండేది కాదు. అపార్టుమెంటులో నడిచే కాలేజీలో గ్రౌండేమిటి? అంతకుముందు హైస్కూల్లో గేమ్స్ పీరియడ్ ఉండేది గానీ, సిలబస్ అవలేదని లెక్కల సారు దాన్ని పట్టుకుపోయేవాడు. పీఈటీ సారు పంద్రాగస్టుకి పిల్లల్ని వరుసలో నిలబెట్టడానికే పనికొచ్చేవాడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అంటుంది. మీ వీధి చివరి బడిలో ఉందేమో ఒకసారి చూసి రండి. ఆట అంటే పాఠమని, దానికి ఉపాధ్యాయుడుంటాడని, ఆ ఉపాధ్యాయుడికి కాలం కావాలని మనకెవరూ చూపించలేదు. అందుకే కోచ్ అనగానే ర్యాంకు తెచ్చే యంత్రం అనుకుంటాం.

చూపించినవాడు మన హైదరాబాద్‌లోనే ఒకాయన ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ అనుకోండి, అయినా సామ్యం సామ్యమే. స్కూలు టీచరు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం 1952లో భారత జట్టును హెల్సింకీ ఒలింపిక్స్‌కి తీసుకెళ్తే, యుగోస్లావియా 10-1తో చితకబాదింది. ఇవాళైతే ఆయన ఫ్లైట్ దిగేలోపు మన గ్రూపులో తీర్మానం అయిపోయేది. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో క్యాన్సర్‌తో ఒళ్లు క్షీణిస్తుండగా జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఫైనల్లో మళ్లీ ఆ దక్షిణ కొరియాయే ఎదురైతే 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చాడు. తొమ్మిది నెలల తర్వాత పోయాడు.

ఇదంతా శనివారం పొద్దున్న గ్రూపులో కుదించి రాశాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముందు రాత్రి మూడో ఓటమి తర్వాత ఆటగాళ్లంతా బ్యాండు వైపు తిరిగి వరుసగా నిలబడ్డారు, స్కూలు పాట కోసం. గెలిచినా ఓడినా అది రివాజు. చివరి క్వార్టర్‌లో బంతి జారవిడిచిన పిల్లాడు హెల్మెట్ తీయకుండా వెనక వరుసలో దాక్కున్నాడు. కోచ్ ముందు వరుసలోంచి వెనక్కి నడిచి వచ్చి వాడి పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు. పాట సగంలో ఉండగా వాడే హెల్మెట్ తీశాడు. మా అమ్మాయి డ్రమ్ముల వెనక నుంచి చూసి కారులో చెప్పింది. నేనప్పుడు నాచోస్ ప్లేటు పడేయడానికి చెత్తబుట్ట వెతుక్కుంటున్నాను.

నా మెసేజ్‌కి గంట తర్వాత నరసరావుపేట ఆయన జవాబిచ్చాడు. "బాగా రాశావన్నా. కానీ రహీం గారు రెండో మ్యాచ్ నుంచీ గెలిచారు. మనాయన మూడూ పోగొట్టాడు." దానికీ పదకొండు బొటనవేళ్లు.

వచ్చే శుక్రవారం మొదటి డిస్ట్రిక్ట్ మ్యాచ్, ఏడింటికి. మెయిల్ అప్పటిదాకా డ్రాఫ్ట్‌లో ఉంచుతానన్నాడు.