ఊఫరుకు దిష్టి

అత్తమామలు రాజమండ్రి నుంచి వచ్చిన మర్నాడు, భోజనాలయ్యాక, గది తలుపేసుకుని హెడ్‌ఫోన్స్‌లో జేమ్స్ బ్లేక్ పాటలు పెట్టుకున్నాను. లండన్ మనిషి. పియానో, కంప్యూటరు, ఒక్క గొంతు. 2011లో మొదటి ఆల్బమ్, 2013లో రెండోదానికి మెర్క్యురీ ప్రైజు, అంటే బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కిచ్చే అవార్డు. ఒక మాట పాడతాడు. తర్వాత నిశ్శబ్దం. ఆ పైన చెవికంటే ముందు గుండెకి తగిలే బేస్, అదే, లోతైన మోత. మన సినిమాల్లో హీరోకి దుఃఖమొస్తే వయొలిన్ల దండు దిగి ఓదారుస్తుంది. ఇక్కడ ఆ పలకరింపులుండవు, మనిషిని తన మానాన వదిలేస్తారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన నాకు అంతకు మించిన భోగం లేదు.

మధ్యలో హెడ్‌ఫోన్స్ చార్జింగ్ అయిపోయింది. ఫోను ఊరుకుందా? పోయి హాల్లో హోమ్ థియేటర్‌కి కనెక్టయింది. చెవులు మూసుకుపోయి ఉన్నాయేమో నాకేం తెలియలేదు. నిశ్శబ్దం ఈయన పాటల్లో మామూలే కదా, ఈసారి బాగా లాగాడనుకుని కళ్ళు మూసుకుని ఆనందిస్తున్నాను.

హాల్లో సౌండేమో, రాత్రి మావాడు క్రికెట్ మ్యాచ్‌కి పెట్టినంతే ఉంది. ఫోను స్పీకరు పలకలేని బేస్ అది, బేస్ కోసమే ఉన్న ఊఫరు చేతికి చిక్కింది. షోకేసు అద్దాలు, వంటింట్లో స్టీలు గ్లాసులు ఒక్కసారి గలగలమన్నాయట. "భూకంపం!" అంటూ అత్తగారు మామగారిని లుంగీ మీదే మెట్లదాకా లాక్కుపోయారు.

అంతలో బేస్ ఆగి గొంతొక్కటే మిగిలింది. అవే రెండు లైన్లు, ఏడుస్తున్నట్టు, తిప్పి తిప్పి.

నేను బయటికొచ్చేసరికి మామగారు మా ఆవిడ చెవిలో, "అల్లుడుగారు అప్పులేమైనా చేశారా అమ్మా?" అంటున్నారు. నన్ను చూసి గొంతు సవరించుకుని, "కొంతమూరు స్థలం అమ్మేద్దాం బాబూ. మీరు బెంగపెట్టుకోకండి" అన్నారు.

"అయ్యో, అది పాటండీ! వాళ్ళ నాన్న జేమ్స్ లిథర్లాండ్ పాటనే ఈయన మార్చుకుని పాడాడు."

"అంటే తండ్రి అప్పు కొడుకు నెత్తిన పడిందన్నమాట" అని నిట్టూర్చారు మామగారు.

అత్తగారి బాధ వేరు. "పిల్లాడు ఇందాకట్నుంచి అదే మాట చెప్తున్నాడు, ఇంట్లో ఒక్కరూ పలకరేం?"

ఎలక్ట్రానిక్ సంగీతంలో గొంతును ముక్కలు చేసి మళ్ళీ మళ్ళీ వినిపించడం ఒక పద్ధతని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి వచ్చారు. నా చుట్టూ మూడుసార్లు తిప్పి, అదే చేత్తో ఊఫరు చుట్టూ కూడా తిప్పి, తీసుకెళ్ళి పొయ్యిలో వేశారు.

"చూశారా, ఒక్కరికీ దగ్గు రాలేదు! ఎంత దిష్టో!"