నూరు శాతం దగ్గర నిలబడిన నీలిగీత

300 ఎంబీల వీడియోను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు ద్వారా సర్వరుకు ఎక్కించబోయి నిన్న రాత్రంతా జాగారం చేశాను. ఫైలుకు 2 ఎంబీలు, మొత్తం ఫారానికి 8 ఎంబీలు అన్న పీహెచ్‌పీ పాతకాలపు పరిమితులను ముందే పెంచాను. పీహెచ్‌పీకి ముందు నిలబడి అభ్యర్థనలు అందుకునే వెబ్ సర్వరు ఇంజిన్‌ఎక్స్ విధించే 1 ఎంబీ హద్దునూ సడలించాను. అయినా ఫైలు ఎంతవరకు ఎక్కిందో చూపే నీలిగీత నూరు శాతానికి చేరి, సరిగ్గా ఒక నిమిషం అక్కడే నిలబడి, గడువులోగా జవాబు రాలేదని చెప్పే 504 అన్న లోపసంఖ్యను మొహాన కొట్టింది. స్క్రిప్టు గడువును 30 సెకన్ల నుంచి 300కు పెంచినా ఫలితం లేకపోవడానికి కారణం, పీహెచ్‌పీ జవాబు కోసం ఇంజిన్‌ఎక్స్ 60 సెకన్లకు మించి ఎదురుచూడకపోవడమేనని తెల్లవారుజామున సర్వరు తన లోపాలను రాసుకునే లాగ్ ఫైలు చూస్తే గానీ బోధపడలేదు. ఎవరి గడువు తీరిందో ఆ 504 పక్కనే ఒక్క ముక్క రాస్తే ఎవరి సొమ్ము పోతుందో నాకు అర్థం కాదు.