డ్రాగన్ చచ్చాక ఏం చేస్తారు?

బెంగళూరులో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే మన తెలుగు కుర్రాళ్లతో నాకో పేచీ ఉంది. ఒక్కొక్కరూ ఒక పాత్ర పట్టి, పాచికలు వేస్తూ సాహస కథ నడిపే ఆట అది. డ్రాగన్ చచ్చింది, నిధి పంచుకున్నారు. వెంటనే డీఎం (కథ నడిపే డంజన్ మాస్టర్) "సరే, మూడు నెలలు గడిచాయి" అనేస్తాడు. అందరూ ఇంకో గుహ ముందు తేలతారు. ఆ మూడు నెలలూ ఎక్కడ ఉన్నారు, ఏం తిన్నారు? ఎవరికీ పట్టదు.

రూల్స్ లేక కాదు. ఈ ఆట రూల్స్ పుస్తకం, 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం కొత్త భాష నేర్చుకోవాలంటే 250 రోజులు, రోజుకో బంగారు నాణెం. 1500 నాణేల ప్లేట్ కవచం ఒంటరిగా చేసుకుంటే 300 రోజులు. లెక్క బాగానే ఉంది కానీ ఆ రోజుల్లో ఏమీ జరగదు. బోర్ కొట్టదా మరి? 2017లో వచ్చిన అదనపు రూల్స్ పుస్తకం జనాథర్స్ గైడ్ కాస్త నయం. విందులకో కుస్తీలకో వెళ్తే కొత్త చిక్కులూ తగులుకోవచ్చు.

నా ఓటు మాత్రం పెండ్రాగన్‌కే. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన ఆర్థర్ రాజు కాలపు ఆట ఇది. మామూలుగా ఏడాదికి ఒక్క సాహసం, ఆ తర్వాత చలికాలం. పంట పండిందా, గుర్రం బతికిందా, పెళ్లి కుదిరిందా, బిడ్డ పుట్టిందా అన్నీ పాచికలే చెబుతాయి. వయసూ మీద పడుతుంది. యోధుడు పోతే వారసుడితో ఆడొచ్చు. అందుకే ఇందులో చావుకి బరువుంటుంది.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అని ఇంకో ఆట, అందులో మన పాత్రలు దొంగలు. రెండు దోపిడీల మధ్య మామూలుగా రెండు పనులే దక్కుతాయి. గాయం మాన్పుకోవాలా, టెన్షన్ దించుకోవడానికి వ్యసనం వైపు పోవాలా? అందులో మరీ మునిగితే ఇంకో తంటా.

ఈ రుచి మనకు తెలియనిదా? తిక్కన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. భీముడు వంటలవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల. కీచకుడు తగులుకున్నది అడవిలో కాదు, సైరంధ్రి కొలువు చేసే అంతఃపురంలో. "ఏడాది గడిచింది" అని దాటేస్తే కీచకుడే లేడు.

వారమంతా ఆఫీసు, ట్రాఫిక్. దొరికిన మూడు గంటల్లో ఆటలోనూ అద్దెల గోల ఎందుకంటారు. నిజమే, ఇక్కడ ఇంటికి అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఆ గోల కొత్తా! దాన్ని వాట్సాప్ గ్రూపులోకి నెట్టండి. ఆట లేని రోజుల్లో మన ఒక రోజుకి ఆటలోనూ ఒక రోజు గడపమని డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ 1979లోనే డంజన్ మాస్టర్స్ గైడ్‌లో సూచించాడు. బుధవారం డీఎం అడగాల్సింది రెండే: డబ్బు దేనికి తగలేశారు, ఊళ్లో ఎవరితో గొడవ పెట్టుకున్నారు? ఆదివారం ఆట ఆ గొడవతోనే మొదలుపెట్టొచ్చు.